శుక్రవారం నీళ్ల వంతు

అరబ్బు దేశంలో, నజ్రాన్ పట్టణ శివార్లలోని దానిమ్మ తోటలో ఎల్లన్నను మేస్త్రీని చేసిన రోజే, యజమాని మేనల్లుడు తుర్కీ శుక్రవారం సెలవు ఎత్తేశాడు. కాయ కోతకు వచ్చింది, నమాజు వేళ తప్ప పని ఆగకూడదన్నాడు. "సెలవు నీ ఒక్కడికే. మిగతావాళ్లతో చేయించడం నీ బాధ్యత" అని కారెక్కాడు.

జగిత్యాల నుంచి వచ్చి ఏళ్ల తరబడి పార పట్టిన ఎల్లన్నకు మేస్త్రీ అనిపించుకోవడం బాగానే ఉంది. కానీ ఆ శుక్రవారం స్నానం చేసి మంచం మీద కూర్చుంటే, తనతో ఒకే గదిలో పడుకునేవాళ్ల మాటలు చెట్ల మధ్య నుంచి వినిపించాయి. అన్నం సయించలేదు.

సాయంత్రం డ్రైవర్ నబీ రసూల్‌ను వెంటబెట్టుకుని తోట యజమాని అబూ సాలెహ్ ఇంటికి బయలుదేరాడు. నబీ రసూల్‌ది కడప. అరబ్బీ ధారాళంగా మాట్లాడతాడు.

"నా మాటను మెత్తగ చెయ్యకుండ చెప్పు భాయ్" అన్నాడు ఎల్లన్న.

"చెప్తాలేప్పా. తిడితే ఇద్దరం పడదాం."

ముసలాయన ఎదుట ఎల్లన్న తలెత్తి అన్నాడు: "ఆళ్లు పని చేస్తాంటె నేనొక్కన్ని పండుకునే సెలవు నాకొద్దు. ఇస్తే అందరికియ్యుండ్రి. లేకుంటె మేస్త్రీగిరి వాపస్ తీసుకోండ్రి."

నబీ రసూల్ అలాగే చెప్పాడు. అబూ సాలెహ్ తుర్కీని పిలిపించి, తన తండ్రి చెప్పిన సంగతి చెప్పాడు. ఒకప్పుడు వాళ్ల పక్కింట్లో వెండి పని చేసే యూదుడు ఉండేవాడు. శనివారం అతని కొలిమి వెలిగేది కాదు. కూలివాడికీ, గాడిదకూ కూడా ఆ రోజు పని చెప్పేవాడు కాదు. ఎందుకని అడిగితే తమ లేఖనాల్లోని మాట చెప్పాడట: ఫిరౌను రాజు కింద బానిసలుగా బతికినవాళ్లు తమ దగ్గర పనిచేసే పరాయివాణ్ని తమలాగే విశ్రాంతి తీసుకోనివ్వాలి. రాజైనా సరే, తోటివాళ్ల కన్నా తాను ఎక్కువని అనుకోకూడదు.

"ఆ బానిసల్ని విడిపించిన మూసా మనకూ ప్రవక్తే కదా" అన్నాడు ముసలాయన.

"కోత ఆపొచ్చు. చెట్లకు నీళ్లు ఆపలేం" అని గొణిగాడు తుర్కీ.

"నీళ్లకు వంతులేసుకుందాం. మొదటి వంతు నాది" అన్నాడు ఎల్లన్న.

"అయితే ఆ వంతుల్లో నువ్వూ ఉంటావు" అన్నాడు అబూ సాలెహ్ మేనల్లుడితో.

తన వంతు వచ్చిన శుక్రవారం తుర్కీ తెల్లటి పొడవాటి అంగీ, తోబ్ అంచు పైకి దోపుకుని వచ్చాడు. మధ్యాహ్నానికి మొహం కందిపోయింది. చెట్టు నీడన కూలబడి, "ఈ ఎండలో రోజూ ఎలా చేస్తున్నారు?" అని అడిగాడు.

ఎల్లన్న చన్నీళ్లు అందించి పక్కన కూర్చున్నాడు. మరుసటి రోజు నుంచి కోత తెల్లవారుజామునే మొదలై, ఎండెక్కేసరికి ఆగిపోయేది.