ఒకే తగువు, రెండు లెక్కలు

హీలియంలో ఉండేవి రెండే ఎలక్ట్రాన్లు. ఆ రెంటినీ కేంద్రకం దగ్గర వీలైనంత కుదురుగా కూర్చోబెట్టి, అప్పుడు వాటి మొత్తం శక్తి ఎంతో లెక్కకట్టడమే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ప్రయోగాలు చేసినవాళ్లు మైనస్ డెబ్బై తొమ్మిది ఎలక్ట్రాన్ వోల్టులని ఏనాడో తేల్చేశారు. మైనస్ అంకె ఎంత పెద్దదైతే అవి అంత గట్టిగా కలిసున్నట్టు లెక్క. నా ప్రోగ్రాం మాత్రం మైనస్ యాభై దగ్గర మొండికేసింది.

టెక్కలిలో మా గైడు సార్ ఆ అంకె చూసి కళ్లజోడు తీసేశారు.

"ఏటమ్మా ఇది? ఒక్క ఎలక్ట్రానే ఉంటే మైనస్ యాభై నాలుగు. రెండోది వచ్చాక యాభయ్యా? అంటే నీ హీలియం రెండోదాన్ని బయటికి గెంటేస్తాది. సోమవారానికి సరిచెయ్, లేకపోతే సంతకం పెట్టను."

సంతకం లేకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే పలాసలో ఒక కాలేజీవాళ్లు ఇస్తామన్న లెక్చరర్ ఉద్యోగమూ లేదు. భయమేసింది. భయం కన్నా ఒళ్లు మండింది. మూడో ఎలక్ట్రానుకి దిక్కు లేదు గానీ, ఈ హీలియానికి ఇంత పొగరేమిటి?

ఆదివారం కవిటిలో మా అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆ పొగరుతోనే కుస్తీ పడుతున్నాను. లోపల అమ్మకీ పిన్నికీ మొదలైంది. ఇద్దరూ తోటికోడళ్లు, వంటిల్లు ఒకటే. పనసకాయ కోసే ముందు కత్తికి నూనె రాయలేదట. ఎవరు రాయలేదన్నది విషయం.

తోట నుంచి నాన్న రాగానే అమ్మ తన తగువు వినిపించింది. ఆయన కాళ్లు కడుక్కునేలోగా "బావగారూ" అంటూ పిన్ని తనది వినిపించింది. నాన్న అరుగు మీద కూలబడ్డాడు.

"ఒక్క పూటలో రెండు తగువులేటే? ఇలగైతే ఒక్క కొంపలో ఉండలేం. యేరుపడిపోదాం."

"రెండు కాదు నాన్నా, ఒకటే. ఇద్దరూ సెప్పారంతే."

అంటూనే లాప్‌టాప్ వైపు తిరిగాను. ఒక్కో ఎలక్ట్రాన్ శక్తిలోనూ రెండోదానితో దానికున్న తగువు, అదే వికర్షణ, ముందే కలిసి ఉంటుంది. నేను ఆ రెండు శక్తులూ నిక్షేపంగా కూడేశాను. ఉన్న ఒక్క తగువు రెండుసార్లు పడింది. అందుకే ప్రోగ్రాం కూడా మా నాన్నలాగే వేరుపడమంది.

ఎక్కువ పడిన ఆ తగువు తీసేసి మళ్లీ నడిపాను. మైనస్ డెబ్బై ఏడు పాయింట్ తొమ్మిది! నేను పెట్టిన కేకకి పిన్ని జిగురు చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

"తేలు కుట్టిందేటే?"

ఆ జిగురు చేతులతో సహా వాటేసుకున్నాను.

సోమవారం సార్ కాగితం మీద వేలు పెట్టారు. "ఇంకా ఒకటి తక్కువుంది కదమ్మా?"

"నా లెక్కలో ఒకదానికి రెండోది మామూలుగా ఎక్కడ తిరుగుతుందో తెలుసండి, ఇప్పుడెక్కడుందో తెలీదు. నిజం ఎలక్ట్రాన్లు ఎదురుపడకుండా తప్పుకుంటాయి. తక్కువైన ఆ ఒకటీ అందుకేనండి."

"అంత పడనివి ఇడిపోవచ్చు కదా?"

నాకు ఖాయంగా తెలిసిన జవాబు ఇదొక్కటే.

"ఒకటి బయటికి పోవాలంటే ఇరవై నాలుగు పైచిలుకు ఎలక్ట్రాన్ వోల్టుల ఖర్చండి. తగువాడుకుంటూ కలిసుండటమే వాటికి చవక."

సార్ నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీశారు.