వదిన కిటికీ

మా వదినది రఫ్ఫు పని. చిరిగిన చోట పోగు పక్కన పోగు వేసి, చిరిగిందన్న ఆనవాలే లేకుండా చేస్తుంది. అన్నయ్య పోయాక మా ఇద్దరినీ నిలబెట్టింది ఆ సూదే. ఈ ఐదో అంతస్తు ఫ్లాటు తీసుకున్నదీ హాల్లో ఉన్న పెద్ద కిటికీని చూసే. "లైటు కింద రంగు అబద్ధమాడుతుంది, పగటి వెలుగు ఆడదు" అనేది. పొద్దున్నే ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని దారాలన్నీ ఒళ్ళో పరుచుకునేది.

ఇంతలో మా అపార్ట్‌మెంటుకి గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ పిచ్చి పట్టుకుంది. అది వస్తే కరెంటు కలిసొస్తుందట, ఫ్లాట్ల ధర పెరుగుతుందట. సెక్రటరీ గారు మీటింగులో చెబుతుంటే అందరం గొర్రెల్లా తలలూపాం. వదిన చప్పట్లు కూడా కొట్టింది. నెల తిరక్కుండా కిటికీలన్నిటికీ వేడి ఆపే ఫిల్మ్ అంటించేశారు. ఇల్లు చల్లబడింది, కాదనను. కానీ మిట్టమధ్యాహ్నం కూడా హాల్లో మునిమాపే. ఆ అద్దం తెరుచుకునే రకం కాదు. పోనీ మేడ మీద కూర్చుందామంటే అక్కడ సోలార్ పలకలు పెట్టి తాళం వేశారు.

సర్టిఫికెట్ అందుకునే సభకి వేసుకోవాలని సెక్రటరీ గారు తన పాత కోటు తెచ్చారు. మోచేతి దగ్గర చిరుగు.

"మీ చేతిలో పెడితే ఇంక చూసుకోనక్కర్లేదమ్మా" అన్నారు.

ఎండకు వెలిసిన బూడిదరంగు కోటు. లోపలి మడతలోంచి దారం లాగుదామంటే అది ఇంకా కొత్తగా, ముదురుగా ఉంది. వదిన తన దారాల్లోంచే ఏరుకుని, వంగి వంగి కుట్టింది. కిటికీ దగ్గర పెట్టి చూస్తే మా ఇద్దరికీ ఏ తేడా కనబడలేదు.

సభ ఆరుబయట పెట్టారు. ఆయన సర్టిఫికెట్ పైకెత్తారో లేదో, మోచేతి మీద ఊదారంగు మచ్చ!

"సార్‌కి దెబ్బేమైనా తగిలిందా?" అన్నారెవరో. అందరూ ఘొల్లుమన్నారు. సెక్రటరీ గారు మంచాయన, ఆయనా నవ్వేశారు. వదిన తల ఎత్తలేదు.

నేనూరుకుంటానా? మర్నాడే వెళ్ళి, "మా ఒక్క కిటికీకి ఆ ఫిల్మ్ పీకించండి" అన్నాను.

"ఎలాగమ్మా? ఒక్కటి తీసినా మళ్ళీ తనిఖీలో మార్కులు పోతాయి. అప్పుడు మీరూ సరేనన్నారుగా? కోటుదేముంది, నాకేం కోపం లేదు."

"నాకుంది!" అని అరిచాను. ఏం లాభం? ఆయన మంచినీళ్ళు తెప్పించారు.

తెల్లటి దీపం కొనుక్కొచ్చాను. దాని కింద నలుపు నీలమై కూర్చుంది. వదిన కింద తోట బెంచీ మీదకి చేరింది. వాచ్‌మన్ చేతులు నలుపుకుంటూ, "తోటలో పని చేసుకోనివ్వొద్దని కమిటీ వాళ్ళు చెప్పారమ్మా, నన్ను తిట్టుకోకండి" అన్నాడు. కోటు కబురు పాకిపోయి, బట్టలు తెచ్చేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు.

చాన్నాళ్ళకి ఇవాళ ఒక నల్లకోటు వచ్చింది. ఇదీ చెడితే ఇంకెవరూ రారు. బయట ముసురు పట్టి ఉంది, కిందికి దిగినా వెలుగు లేదు. వదిన రెండు దారాలు కిటికీకేసి పట్టుకుంది.

"అమ్మాయ్, వీటిలో నలుపు ఏది?"

కళ్ళు చిట్లించి చూశాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఆవిడ నా మొహంకేసే చూస్తోంది. తెలియదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"కుడిచేతిలోది వదినా."

"హమ్మయ్య" అంటూ వదిన దాన్నే సూదికి ఎక్కించుకుంది.