అందిందాండి

మా వరద కొలతల ఆఫీసులో ఆపరేటరు గారికి ఒక అలవాటుండేది. గోదావరి నీటిమట్టం ఫైలును మోడెం మీద పంపగానే అవతలి ఆఫీసుకు ఫోన్ చేసి "అందిందాండి?" అని అడిగేవారు. వాళ్లు అంకె చదివి వినిపించేదాకా ఫోన్ పెట్టేవారు కాదు. ఆ అంకెను బట్టే వాళ్లు నది మధ్య లంకలకు పడవలు పంపేవారు.

మోడెం సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసింది నేనే. ఫైలు వెళ్లగానే స్క్రీన్ మీద పచ్చగా 'చేరింది' అని వస్తోంది. ఇక ఫోన్లు అక్కర్లేదండి అన్నాను.

"చేరిందని పంపిన మిషనే చెప్తే ఎలాగండి? పుచ్చుకున్నవాళ్లు చెప్పాలి గానీ."

నాకు విసుగొచ్చింది. ఫోన్ చేయకూడదని పై అధికారి చేత కాగితం రాయించి గోడకు అంటించాను.

అప్‌డేట్ చేసిన మర్నాడే వరద వచ్చింది. ఆ రోజు ఆపరేటరు గారు గంటగంటకూ ఫైలు పంపారు. మధ్యాహ్నం సెల్లు చేతిలోకి తీసుకుని నా వైపు చూశారు.

"ఒక్కసారి అడగనాండి?"

గోడ మీద కాగితం చూపించాను. సెల్లు జేబులో పెట్టేసుకున్నారు.

అప్‌డేట్ తర్వాత ఫైళ్లు అవతల కొత్త ఫోల్డరులో పడుతున్నాయి. ఆ సంగతి నేను వాళ్లకు చెప్పలేదు. వాళ్లు పాత ఫోల్డరులో నిన్నటి అంకె చూస్తూ కూర్చున్నారు. పడవలు కదల్లేదు. లంకలో బెండతోట వేసుకున్న మొగుడూ పెళ్లాం మర్నాడు ఎంత వెతికినా దొరకలేదు.

ఆయన రిటైరయ్యేదాకా ఇంకెవరినీ "అందిందాండి?" అని అడగలేదు.

ఇప్పుడు ఆయన కుర్చీలోంచి ప్రతి ఫైలుకీ నేను ఫోన్ చేస్తున్నాను. అందిందండి అంటారు. ఆ లంకలో ఇప్పుడెవరూ ఉండటం లేదు.