ముందు సీటు గుడ్డ

మా బావకి ఆసుపత్రి వాళ్ళు పెట్టిన పేరు పావుగంట. ఎక్కడికి వెళ్ళాలన్నా, ఎంత దూరమైనా, స్టీరింగు మీద అరచేత్తో ఒక దెబ్బ వేసి "పావుగంటలో ఉంటాం" అనేవాడు. ఆ పావుగంట ఒక్కోసారి గంట దాటేది. వెనక కూర్చున్న నర్సులు నవ్వుకునేవాళ్ళు. మా అక్క మాత్రం "నీ పావుగంట పాడుగానూ!" అని తిట్టేది.

అక్కా నేనూ ఆ ఆసుపత్రి లాండ్రీలో పనివాళ్ళం. దుప్పట్లు, దిండు గలేబులు, ఆపరేషను గది బట్టలు ఉడకబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి పంపడం మా పని. బావ పొద్దుటి డ్యూటీకి మమ్మల్నిద్దర్నీ, దారిలో ఇద్దరు నర్సుల్నీ ఎక్కించుకుని దింపేవాడు. మిగతా పగలంతా కారును బాడుగకి తిప్పుకునేవాడు. ముందు సీటు అక్కది. వెనక నేను ఇద్దరు నర్సుల మధ్య ఇరుక్కుని కూర్చునేదాన్ని. అక్క ఇంట్లో తల దువ్వుకోవడానికి తీరిక లేక, దారి పొడుగునా దువ్వుకుంటూ వచ్చేది.

చలికాలం వచ్చిందంటే ఆ కారు అద్దం లోపలి వైపు మసకబారేది. హీటరు తిప్పితే హోరు ఇంజను శబ్దాన్ని మించేది గానీ, గాలి మాత్రం చంటిపిల్ల ఊదినట్టు వచ్చేది. దానికి అక్క కనిపెట్టిన వైద్యం ఒక గుడ్డ. పాత దుప్పటి చింపి, అంచులు కుట్టి, ముందు అరలో పెట్టుకుంది. బావ ముందు అద్దం మసకేస్తే చాలు, చెబుతున్న మాట ఆపకుండానే చెయ్యి చాపి తుడిచేది. ఏళ్ళ తరబడి అంతే. పగలంతా ఆవిరిలో మగ్గేవాళ్ళం, కారు అద్దం మీది ఆవిరి మాకో లెక్కా? అది బాగుచేయించాల్సిన జబ్బని మాలో ఒక్కరికీ తట్టలేదు. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు అద్దం తుడవాలి, అది ఆ కారు చట్టం.

అక్కకి ఉబ్బసం. పోయిన ఎండాకాలం చివర్లో ఆ ఆసుపత్రిలోనే, మేం ఉతికిన దుప్పటి మీదే పోయింది. మర్నాటి మూటల్లో ఆ దుప్పటి కూడా వచ్చే ఉంటుంది. అదేదో నాకు తెలియదు. అన్నీ ఉతికాను.

బావ ఏడవలేదు. అప్పుడూ లేదు, తరవాతా లేదు. నేను పెట్టింది తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. టీవీ ముందు కూర్చుంటే టీవీ ఆపేశాక కూడా అక్కడే కూర్చునేవాడు. పగటి బాడుగలు ఒక్కొక్కటే మానేశాడు. పొద్దున మమ్మల్ని దింపడం ఒక్కటి మిగిలింది. దాని కోసమే లేచేవాడు, దాని కోసమే గడ్డం గీసుకునేవాడు. పావుగంట మాట మాత్రం నోట్లోంచి రాలేదు. నాకు ఒళ్ళు మండేది. మా అక్కతో అన్నేళ్ళు కాపురం చేసి ఒక్క కన్నీటి చుక్క రాల్చని మనిషిని ఏమనాలి? రాయి అనుకున్నాను. నేను మాత్రం ఏం తక్కువ? ఆ మూటలే విప్పి, ఉతికి, ఇంటికి పోతున్నాను.

చలి దిగింది. ముందు సీటు ఇప్పుడు నాది, గుడ్డా నాదే. అక్కలా నాకు చేతకాలేదు. నేను తుడిస్తే చారలు పడేవి, చారల మధ్య మళ్ళీ మసక కమ్మేది. ఒకరోజు మలుపులో సైకిలు మీద పాల క్యాన్లు పెట్టుకుని వస్తున్న మనిషి చివరి క్షణం దాకా కనబడలేదు. బావ బ్రేకు తొక్కాడు. సైకిలాయన అద్దం మీద గట్టిగా కొట్టి, మా ఏడు తరాలనీ పలకరించి వెళ్ళాడు. బావ మళ్ళీ గేరు వేశాడు.

పెద్ద నర్సమ్మే నోరు విప్పింది. "అన్నయ్యా, మీరంటే నాకు గౌరవమే. కానీ నాకు చిన్నపిల్లలున్నారు. అద్దం బాగుచేయించండి. ఈ వారంలో కాకపోతే మేమిద్దరం వేరే కారు చూసుకుంటాం."

"సరేనమ్మా" అన్నాడు బావ.

వాళ్ళు వెళ్ళిపోతే నేను బస్సులో పోగలను. బావ ఏమైపోతాడు? లేవడానికి ఉన్న ఒక్క కారణం పోతే ఆ టీవీ ముందే ఉండిపోతాడు. ఆ భయంతో ఆదివారం నేనే ముందు నడిచి అతన్ని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను.

మెకానిక్కుకి పన్ను నొప్పి. దవడకి రుమాలు కట్టుకుని ఒక పక్క నోటితోనే మాట్లాడాడు. ఫ్యాను ఒకటి మీద పెట్టాడు, రెండు మీద పెట్టాడు, చివరిదాకా తిప్పాడు. ప్రతిసారీ గాలి వచ్చే కంత దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

"ఫ్యాను బంగారంలా తిరుగుతోందన్నా. హోరుంది, గాలి లేదంటే దారిలో ఏదో అడ్డం ఉన్నట్టే. ఫిల్టరు ఎప్పుడు మార్చారు?"

"ఫిల్టరుంటుందా?" అన్నాడు బావ.

మెకానిక్కు నవ్వబోయి దవడ పట్టుకున్నాడు. నా సీటు ముందున్న అర ఊడదీసి, లోపల చెయ్యి పెట్టి, ఒక పలకలాంటిది బయటికి లాగాడు. అది కాగితం ఫిల్టరట. కాగితం ఎక్కడా కనబడలేదు. దుమ్ము, దూది, వాటి మీద పెనవేసుకుపోయిన పొడుగాటి వెంట్రుకలు. సగం నల్లవి, సగం నెరిసినవి.

"అమ్మో, ఇంత జుట్టెక్కడిదన్నా?" అన్నాడు మెకానిక్కు.

నేను పక్కనున్న పాత టైరు మీద కూర్చుండిపోయాను. బావ ఆ పలక వైపు చూశాడు. గోడ మీద కేలండరు చూసినట్టు చూశాడు.

"కొత్తది వెయ్యి" అన్నాడు.

మెకానిక్కు దాన్ని చెత్త డబ్బాలో పడేశాడు. ఆ క్షణంలో బావని చంపేయాలనిపించింది.

కొత్తది వేశాక గాలి బుస్సుమని వచ్చింది. మెకానిక్కు డ్రైవరు సీట్లో కూర్చుని, మీటల కింద ఉన్న చిన్న బొడిపె చూసి తల కొట్టుకున్నాడు.

"ఇదెవరు మూసి పెట్టారన్నా? ఇది ఈ పక్కనుంటే లోపలి గాలే లోపల తిరుగుతుంది. ఎక్కినవాళ్ళందరి ఊపిరి ఎక్కడికి పోతుంది? అద్దానికి పడుతుంది. చలికాలం ఇలా బయటి గాలికి తెరిచి పెట్టు. ఏసీ కూడా వేసుకో, తడి లాగేస్తుంది. వేడి గాలి అద్దం మీదికి తిప్పు. ఇంక గుడ్డ అక్కర్లేదు."

బొడిపెని అటు జరిపాడు. కాసేపటికి అద్దం మూలల్లోంచి మొదలై మొత్తం తేటపడింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మా సంగతి. కాదు, మేం వెతకను కూడా లేదు.

సోమవారం నర్సులు ఎక్కారు. నాలుగు వీధులు దాటేసరికి అద్దం మళ్ళీ మసకేసింది.

పెద్ద నర్సమ్మ గట్టిగా నిట్టూర్చింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడికక్కడే మెకానిక్కుకి ఫోను చేశాను. "పన్ను నొప్పి నీ నోటికా, నీ పనికా? ఏం బాగుచేశావయ్యా?" అని అరిచాను. అవతల అతను నిద్రమత్తులో ఒకే మాట అన్నాడు.

"బొడిపె ఎటుందో చూడమ్మా."

చూశాను. మూసి ఉంది.

"బావా, ఇది నువ్వే మూశావా?"

అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "అలవాటు" అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు. "ముందు డిపో ఉంది కదా. పొద్దున బస్సులన్నీ ఒకేసారి స్టార్టు చేస్తారు. ఆ పొగకి మీ అక్క దగ్గు ఆగేది కాదు. కారు కొన్న కొత్తలోనే మూసేశాను. మళ్ళీ ఎప్పుడూ తెరవలేదు."

నేను ఫోను పెట్టేశాను. పాపం మెకానిక్కు, అత్త మీది కోపం దుత్త మీద చూపించాను. అద్దం పూర్తిగా తెల్లబడింది. నేను గుడ్డ తీశాను గానీ తుడవలేదు.

బావ డిపో గేటు పక్కనే కారు ఆపాడు. లోపల బస్సులు ఒకదాని తరవాత ఒకటి స్టార్టవుతున్నాయి. నల్లటి పొగ గోడ మీంచి రోడ్డు మీదికి దిగుతోంది. అతను ఆ బొడిపె మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. తరవాత మెల్లిగా అటు జరిపాడు.

డీజిలు వాసన కారంతా నిండింది. అతను నా సీటు వైపు తిరిగి చూస్తూ ఉండిపోయాడు. నన్ను కాదు అతను చూసింది.

ఎవ్వరం దగ్గలేదు.

అప్పుడు ఏడ్చాడు మా బావ. స్టీరింగు పట్టుకుని, నోరు తెరిచి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ తిట్టుకున్న మనిషి వీపు మీద చెయ్యి వేసి నిమిరాను. అద్దం దానంతటదే తేటపడుతోంది, ఎవరమూ చూడలేదు. పెద్ద నర్సమ్మ వాచీ ఉన్న చేతిని ఒళ్ళో దాచుకుంది.

గుడ్డ అతని చేతిలో పెట్టాను. మొహం తుడుచుకున్నాడు, ముక్కు చీదుకున్నాడు, గుడ్డని మడిచి అరలో పెట్టాడు. బొడిపెని ముట్టుకోలేదు. గేరు వేసి, స్టీరింగు మీద అరచేత్తో చిన్న దెబ్బ వేశాడు.

"పావుగంటలో ఉంటాం" అన్నాడు.

అక్కడి నుంచి ఆసుపత్రి అరగంట దూరం. వెనక నుంచి పెద్ద నర్సమ్మ, "అలాగే అన్నయ్యా" అంది.