నాయన మగ్గంలో దిగిన రోజు

ధర్మవరం వీధుల్లో మగ్గం చప్పుడు వింటే ఇప్పటికీ నాయన గుర్తొస్తాడు. సరిహద్దులో యుద్ధం చూసి మిలిటరీ నుంచి ఇంటికొచ్చేశాక, అమ్మ నేత మొదలుపెడితే చాలు, ఆయన చెవులు మూసుకుని గోడవారగా ఒదిగిపోయేవాడు. అమ్మ మగ్గం ఆపేసింది. నాయనకు మామీద కోపమనుకున్నాను.

హిందూపురం నుంచి వారం వారం ఒక మేడం వచ్చేది. సైనికుల కుటుంబాలకు తోడుగా నిలబడటం ఆమె ఉద్యోగం. నాయనను తీసుకుపోతుందేమోనని నేను తలుపుకు అడ్డం నిలబడితే, పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ నాయనది కోపం కాదు పాపా, భయం. ఆ చప్పుడు ఆయనకు తుపాకీ మాదిరి వినపడతాండాది."

"మా నాయనకు భయమా?" అన్నాను.

గోడ దగ్గర నుంచి నాయనే బదులిచ్చాడు. "అవును పాపా." మేడం వైపు తిరిగి అన్నాడు, "ఆ చప్పుడు నేనే చేస్తే ఎట్లుంటాదో చూస్తా మేడం."

"తొందర లేదన్నా. వద్దనిపిస్తే ఆపేయండి."

నాయన మగ్గం గుంటలో దిగాడు. అమ్మ పక్కనే కూర్చుంది. ఒక్కసారి నేసేసరికే ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. కళ్ళు మూసుకుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ నేశాడు.

ఏడాది తిరిగేసరికి ఇద్దరూ కలిసి చీరలు నేసేవాళ్ళు. ఆ భయం ఆయన్ను ఎన్నడూ పూర్తిగా వదల్లేదని, అది ఉండగానే రోజూ పొద్దున మగ్గంలో దిగేవాడని, నేను పెద్దయ్యాక అమ్మ చెప్పింది.