మోకాళ్లకు రాసిన స్నో

ఆ రోజుల్లో మగవాడు దొంగతనం చేసి దొరికినా ఊరు నాలుగు రోజుల్లో మరిచిపోయేది గానీ, పెళ్లానికి వస్తువు కొనుక్కొచ్చి దొరికిపోతే వాడు ముసలివాడయ్యేదాకా చెప్పుకొని నవ్వేది. ఈ సంగతి తెలియని మా మనవడు మొన్న క్రిస్మస్‌కు ముందు సెల్‌ఫోన్ చూస్తూ, "తాతా, పండక్కి మొగుడూ పెళ్లాలు ఒకరికొకరు ఎంతెంత పెట్టి కొనాలో ఇందులో రాశారు. నువ్వు నానమ్మకు ఎంతలో కొన్నావు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎంతలో కొన్నావట! (నేను బడి మొఖం చూసింది రెండేళ్లే. తక్కిన చదువంతా పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నాను. అయినా ఈ లెక్కలు రాసేవాళ్లకంటే నాకే లోకం ఎక్కువ తెలుసు.) నేను పెట్టింది నాలుగు రూపాయలు. దాంతోపాటు పోయిన పరువు సంగతి ఏ సెల్‌ఫోన్‌లో రాశారు?

అరవైల మొదట్లో నేను నెల్లూరు జిల్లా కోట అనే ఊళ్లో ఒక రైసుమిల్లులో ధాన్యం కొలిపించే పనిలో ఉండేవాణ్ణి. మా ఆవిడ నా మేనమామ కూతురే. నన్ను బావా అనేది, మా అమ్మను అత్తా అనేది. మా వెనకింట్లో మిల్లు ఇంజను డ్రైవరు కాపురం ఉండేవాడు. వాళ్లు క్రైస్తవులు. ఏటా క్రిస్మస్‌కు ఆయన ఆమెకొకటి, ఆమె ఆయనకొకటి కొనేవాళ్లు. ఐదు రూపాయలు దాటకూడదని ఒట్టు. ఇద్దరూ ఒట్టు తప్పేవాళ్లు, పండగపూటే పోట్లాడుకునేవాళ్లు. "ఐదంటే ఐదన్నావే, ఈ చీర ఐదుకెవుడిచ్చినాడయ్యా నీకు?" అని డ్రైవరక్క ఆ చీర కట్టుకొనే అరవడం గోడ మీదుగా మాకు కనిపించేది, వినిపించేది.

ఆ పోట్లాట మా ఆవిడకు తెగ నచ్చింది. నవంబరు ఆఖరులో ఒక రోజు బావి దగ్గర నాకు నీళ్లు తోడిపోస్తూ, "బావా, మనం గూడా ఐదు రూపాయల్లో ఒకరికొకరం కొనుక్కుందాం" అంది.

"అది వాళ్ల పండగ. మనకెందుకుమే?"

"పండగ వాళ్లదైతే ఏంది, మొగుడు నావోడే గదా! పెళ్లయ్యి రెండేళ్లాయె. చీర అత్త చేత్తో, గాజులు అత్త చేత్తో, ఆఖరికి తల్లో పూలు గూడా అత్త చేత్తోనే. నీ చేత్తో ఒక్కటన్నా ఇచ్చినావా? ఈ పండక్కి గూడా ఇయ్యలేదనుకో, బుచ్చిరెడ్డిపాలెం పోయి మా అమ్మకాడ కూర్చుంటా. ఎవురు పిలిచినా రాను."

ఆమె అన్నది నిజమే. మా ఇంట్లో కొడుకు బజారు నుంచి ఏం తెచ్చినా, ఉప్పు కానీ బంగారం కానీ, గడప దాటగానే అమ్మ చేతిలో పెట్టాలి. ఏది ఎవరికి చెందాలో అమ్మే చూసుకుంటుంది. పెళ్లానికి నేరుగా ఇచ్చేవాడు కొంగు పట్టుకొని తిరిగేవాడి కింద లెక్క.

డిసెంబరు మొదట్లో మిల్లు పని మీద నెల్లూరు పోయినప్పుడు, ఒక ఫ్యాన్సీ కొట్టు ముందు మూడుసార్లు అటూ ఇటూ నడిచి, నాలుగోసారి లోపలికి దూరి, మొఖానికి రాసుకునే స్నో డబ్బీ కొన్నాను. (కొట్టువాడు "ఇంట్లోవాళ్లకా?" అని అడిగితే, "కాదు, పక్కింటివాళ్లకి" అన్నాను. అది ఇంకా అప్రతిష్ఠ అని బస్సెక్కాక గానీ తట్టలేదు.)

డబ్బీ పంచెలో దోపుకొని ఇంటికొస్తే అమ్మ నొప్పుల మోకాళ్లు పిసుక్కుంటూ అరుగు మీదే కూర్చొని ఉంది. "నడుంకాడ ఏందిరా అబ్బయ్యా ఆ ఎత్తు?" అంది. అలవాటుపడ్డ చెయ్యి నా మాట వినలేదు. డబ్బీ తీసి ఆమె చేతిలో పెట్టేసింది. అమ్మ మూత తీసి వాసన చూసింది. "ఏందిది? మల్లెపూల వాసనొస్తావుండాదే!" రోటి దగ్గర మా ఆవిడ పచ్చడి దంచడం ఆపి నా వైపే చూస్తున్నది. "ఆమెకు తెచ్చినా మా" అంటే సరిపోయేది. నా నోట్లోంచి ఊడిపడిన మాట వేరు.

"మోకాళ్ల మందు మా. నెల్లూరులో పెద్ద డాక్టరు అందరికీ ఇదే రాస్తావుండాడు."

రోట్లో రోకలి మళ్లీ లేచింది. ఈసారి నా నెత్తిన పడ్డట్టే పడింది.

మర్నాటి నుంచి పొద్దున్నే అత్త మోకాళ్లకు స్నో పట్టించడం కోడలి పని. విచిత్రమేమిటంటే అమ్మకు నొప్పి తగ్గింది! తగ్గిందని ఊరుకుందా? తెల్లగా మెరిసే మోకాళ్లు వీధి వీధంతా చూపించి వచ్చింది. "మాకూ ఒకటి తెచ్చిపెట్టు నాయనా" అని ముసలమ్మలందరూ నా చేతిలో డబ్బులు పెట్టారు. రెండోసారి అర డజను డబ్బీలు అడిగితే కొట్టువాడు నన్ను ఎగాదిగా చూసి, "మీ పక్కిల్లు చానా పెద్దదిగా ఉండాదే!" అన్నాడు. తెల్లవారితే మా వీధి పెళ్లివారి విడిదిలా గుమగుమలాడేది. మా ఆవిడ మాత్రం నాతో మాట మానేసింది. చెప్పాల్సిందేదైనా ఉంటే, "మందు అయిపోవచ్చింది, మీ అబ్బయ్యకు చెప్పత్తా" అనేది.

క్రిస్మస్ నాటి పొద్దున వెనకింట్లో పోట్లాట మామూలుగా మొదలైంది. మా ఆవిడ అమ్మ ఎదుటే వచ్చి, నా భుజం మీద కొత్త తువ్వాలు వేసింది. "గుడ్లమ్మిన దుడ్లతో కొన్నా బావా. నా మాట నేను నిలబెట్టుకున్నా" అంది. తర్వాత మంచం కింది నుంచి ట్రంకుపెట్టె లాగి, "పది గంటల బస్సుకు మా అమ్మకాడికి పోతావుండా అత్తా" అంది.

 గూట్లో ఎవరో ముసలమ్మకని తెచ్చిన డబ్బీ ఒకటి మిగిలి ఉంది. తీసి, కళ్లు మూసుకున్నంత పనిచేసి, మా ఆవిడ చేతిలో పెట్టాను. "ఇది నీకు."

అమ్మ నోరు తెరిచింది. "దానికి మోకాళ్ల నొప్పులేందిరా, పంతొమ్మిదేళ్ల పిల్లకి?"

"మోకాళ్లకు కాదు మా. మొఖానికి."

అమ్మ డబ్బీని చూసింది, తన మోకాళ్లను చూసుకుంది, కోడలి వైపు తిరిగింది. "నీకు తెలుసామే?"

"డ్రైవరక్క కాడ ఇట్టాంటిదే ఉండాదత్తా."

"మరి చెప్పలేదే?"

"బావ పరువు పోతాదని."

అంతే, అమ్మ మోకాళ్లు పట్టుకొని "అబ్బా" అని కూలబడింది. ఇరవై రోజులుగా లేని నొప్పి ఆ క్షణంలో తిరిగొచ్చింది. "నోరు మూసుకోనుంటే తగ్గిపొయ్యేది గదరా తిక్కలోడా!" అని నన్ను కడిగేసి, కోడల్ని చెయ్యి పట్టి లాగి ముందు కూర్చోబెట్టుకుంది. "మొఖానికి రాసేది మొఖానికే రాయాల. ఇట్టా తిరుగు" అని రెండువేళ్లతో తీసి, మోకాలికి పట్టించినట్టే బుగ్గలకు పట్టించింది. స్నో కూడా చివరికి మా అమ్మ చేత్తోనే ఎక్కింది! సున్నం కొట్టిన గోడలాంటి మొఖంతో మా ఆవిడ అమ్మ భుజం మీదుగా నన్ను చూసి, "డబ్బీ మటుకు నీ చేత్తోనే ఇచ్చినావులే బావా" అని ఫక్కున నవ్వింది. పది గంటల బస్సు పోయింది. ట్రంకుపెట్టె మళ్లీ మంచం కిందికి పోయింది.

ఆనాటి ఆ పిరికివాణ్ణి తలుచుకొని నవ్వుకుంటాను గానీ, ఈనాటి ముసలివాడు మాత్రం ఏం మెరుగు? నిన్న బజారు నుంచి చామంతులు తెచ్చాను. అమ్మ ఏనాడో పోయింది, అడిగేవాళ్లు ఎవరూ లేరు. అయినా పొట్లం బల్ల మీద పెట్టి, రెండుసార్లు దగ్గి, పేపరు అడ్డం పెట్టుకొని కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి పొట్లం విప్పి, నెరిసిన జుట్టులో ఒక్కొక్క పువ్వే తురుముకుంది. ఇటు తిరిగినప్పుడల్లా నా పేపరు కాస్త పైకి లేచింది.