వాగులోకి దిగిన మేడం

ప్రేమలత మేడంకూ కుర్చీకీ మొదటినుంచీ పడదు.

శంషాబాద్‌కు పడమటి వైపు ఉన్న ఒక ఊళ్లో, జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆమె జీవశాస్త్రం చెబుతుంది. స్టాఫ్ రూములో అందరూ కూర్చుని చాయ్ తాగుతుంటే ఆమె గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడుతుంది. పాఠం చెప్పేటప్పుడు ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆమె క్లాసులో వెనక బెంచీ వాళ్లకు కూడా కునుకు తీసే వీలుండదు. అత్తాపూర్‌లో ఇల్లు. భర్త గోవర్ధన్ ఎయిర్‌పోర్టు కార్గోలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. నెమ్మదస్తుడు. అన్నం దగ్గర ఆమె లేచి తిరుగుతుంటే, "నీ కాళ్లకు చక్రాలున్నయా ఏందే? జర కూసో" అంటాడు. కూర్చుంటుంది. అతను ఇంకో ముద్ద కలుపుకునేలోపు ఏదో గుర్తొచ్చి మళ్లీ లేస్తుంది.

సముద్రం చూసి వచ్చాక ఆ కుదురులేనితనం ఇంకా ముదిరింది.

అది ఇలా జరిగింది. నీటి చదువును పుస్తకంలోంచి కాకుండా నీళ్లలో చేతులు పెట్టించి నేర్పాలని ఒక స్వచ్ఛంద సంస్థ పూనుకుంది. వాన చినుకు పడ్డ చోటు నుంచి సముద్రం దాకా నీటి దారిని పిల్లలకు చూపించాలంటే ముందు టీచర్లు చూడాలి. అలా చూసి వచ్చి మిగతా టీచర్లకు నేర్పడానికి మండలానికి ఒకరిని పంపమన్నారు. ఎండాకాలం సెలవులు పోతాయని ఎవరూ ముందుకు రాలేదు. హెడ్మాస్టరు ప్రేమలత పేరు పంపించి, తర్వాత ఆమెకు చెప్పాడు.

శిక్షణ కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర. నడివయసు దాటుతున్న ప్రేమలత అప్పటిదాకా సముద్రం చూడలేదు. నేర్పే ఆవిడ పేరు సత్యవతి. విశాఖలో సముద్రజీవుల గురించి పాఠాలు చెప్పే కాలేజీ ఉద్యోగం వదిలేసి టీచర్లను తయారు చేసే పనిలోకి వచ్చిన మనిషి. ఆవిడ ఉపన్యాసం చెప్పదు. అందరినీ తడి ఇసుకలో గొంతుక్కూర్చోబెడుతుంది. బొరియ చుట్టూ ఇసుకను చిన్నచిన్న ఉండలు చేసి పడేస్తున్న బుల్లి పీతలను చూసి, "గివి మా దిక్కు ఎండ్రకాయల లెక్కనే ఉన్నయి. ఎందుకట్ల చేస్తున్నయి మేడం?" అని ప్రేమలత అడిగితే, సత్యవతి, "మీరేమనుకుంటున్నారండీ? ఇంకాసేపు చూడండి" అని పక్కకు వెళ్లిపోయింది. ప్రేమలతకు ఒళ్లు మండింది. అయినా చూసింది. ఇసుకలోంచి తినేదేదో ఏరుకుని మిగిలింది ఉండ చేసి పడేస్తున్నాయని తనే కనిపెట్టాక ఆ పూటంతా అదే మాట కనిపించిన వాళ్లందరికీ చెప్పింది.

పోటు నీళ్లు తెచ్చి ఒడ్డున పడేసిన చెత్తను ఒకరోజు వేరుచేయించారు. రబ్బరు చెప్పులు, పాల ప్యాకెట్లు, మందు సీసాల మూతలు.

"గివన్ని మా హైదరాబాద్ దిక్కు నుంచే కొట్టుకొస్తయా?" అని అడిగింది ప్రేమలత.

"ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను చెప్పలేనండీ. మధ్యలో బోలెడన్ని ఆనకట్టలున్నాయి కదా. సరేగానీ, మీ స్కూలు ఆవరణలో పడిన వాన ఎటు వెళ్తుందో మీరు చెప్పండి."

మబ్బు, కొండ, నది, సముద్రం, బాణం గుర్తులు – ఆ జలచక్రం బొమ్మ ప్రేమలత బోర్డు మీద ఎన్ని వందలసార్లు వేసి ఉంటుందో. తన స్కూలు గేటు ముందు నిలిచే నీళ్లు ఎటు పోతాయో మాత్రం తెలియదు.

ఆ సంగతి ఆమెను నిలవనివ్వలేదు. జూన్‌లో మొదటి గట్టి వాన పడగానే గొడుగు వేసుకుని గేటు బయటికొచ్చి నీళ్ల వెంట నడిచింది. సైడు కాలువ వెంట, ఇటుకల బట్టీ వెనకనుంచి, కొత్తగా వేసిన ప్లాట్ల రాళ్ల మధ్యనుంచి. "ఏమన్న పారేసుకున్నవా మేడం?" అని కిరాణా కొట్టు ముందు నిలబడ్డవాళ్లు అడిగారు. ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు స్కూటీ మీద తిరిగింది. స్కూలు నీళ్లు కుంటలో కలుస్తాయి, కుంట అలుగు పారితే వాగులో పడతాయి, వాగు హిమాయత్‌సాగర్‌కు పోతుంది. అక్కణ్ణుంచి మూసీ, మూసీ నుంచి కృష్ణ. హిమాయత్‌సాగర్ దాకా చూసొచ్చిన రోజు గోవర్ధన్‌ను కూర్చోబెట్టి చెప్పింది. "మరి గిప్పుడన్న నిమ్మళమైందా?" అన్నాడు. కాలేదు. ఇది అందరికీ చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి.

జూలైలో ఐదురోజుల శిక్షణ పెట్టారు. శంషాబాద్, కొత్తూరు మండలాల సైన్సు టీచర్లు వచ్చారు. మొదటిరోజు స్కూలు హాల్లో ప్రొజెక్టరు పెట్టి ప్రేమలత మధ్యాహ్నం దాకా ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. పైనుంచి విమానం పోయినప్పుడల్లా మాట వినపడదు. అది పోయేదాకా ఆగడం కూడా ఆమెకు కష్టమై గొంతు పెంచి అరిచేది. భోజనాలయ్యేసరికి సగం మంది ఫోన్లలో ఉన్నారు. ముందు వరసలో మొగులయ్య సార్ కళ్లు మూసుకున్నాడు. ఫిజిక్స్ చెబుతాడు, భారీ మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు.

రెండోరోజు అందరినీ రోడ్డు కల్వర్టు పక్కన వాగు దగ్గరికి తీసుకుపోయింది. జల్లెడలు, చాయ్ వడపోసే జాలీలు, తెల్ల ప్లాస్టిక్ టబ్బులు ఇచ్చింది. టీచర్లు ఒడ్డున చెప్పులు విడవకుండా నిలబడ్డారు. "మొదలు మీరు దిగుండ్రి మేడం" అన్నాడు మొగులయ్య. ఆమె అప్పటికే దిగింది.

మెల్లగా ఒక్కొక్కరూ దిగారు. కొత్తూరు దగ్గర ఒక స్కూల్లో ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన రేఖ, గడ్డి వేళ్ల కింద జల్లెడ పెట్టి లేపింది. బురదలో ఏదో కదిలింది.

"మేడం, మేడం! గిదేంది?"

ప్రేమలత నీళ్లు చిందించుకుంటూ వచ్చేసింది. "తూనీగ పిల్ల. రెక్కలొచ్చేదాక నీళ్లల్లనే బతుకుతది. కింది పెదవి సాపి పురుగులను పట్టుకుంటది. గిట్ల పట్టుకో, ఆగు నేను చూపిస్త" అంటూ జల్లెడ లాక్కుంది. ఇంకో మూల ఎవరో నీటితేలును పట్టారు. అక్కడికి పరుగెత్తింది. దాని పేరు చెప్పింది, అది ఊపిరెట్లా తీసుకుంటుందో చెప్పింది, ఆ టబ్బు కూడా చేతుల్లోకి తీసుకుంది. మధ్యాహ్నానికి ఆమె బట్టలు నడుము దాకా తడిశాయి. మిగతావాళ్లు ఒడ్డెక్కి ఫొటోలు తీసుకుంటున్నారు.

చాయ్ దగ్గర రేఖ పక్కకు వచ్చింది. "మేడం, ఏమనుకోకుండ్రి. ఒక్క మాట చెప్పాల్నా?"

"చెప్పమ్మా."

"నాకు దొరికింది నేను జర సేపు చూద్దామనుకున్న. మీరు గుంజుకున్నరు."

ప్రేమలత నవ్వేసింది. కానీ ఆ మాట ముల్లులా దిగింది. ఇంటికి పోయేటప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే కింద సిగ్నల్ దగ్గర ఆగి, 'నేను చెప్పకపోతే వాళ్లకెట్లా తెలుస్తది?' అనుకుంది. పచ్చ లైటు పడ్డది చూసుకోలేదు. వెనకవాళ్లు హారన్లు కొట్టారు.

ఆ రాత్రి వాన దంచికొట్టింది. మూడోరోజు పొద్దున వాగు నిన్నటి వాగు కాదు. ఎర్రటి నీళ్లు, మీద నురగ. ప్రేమలతకు ఆగబుద్ధి కాలేదు. వాన పడ్డాక నీళ్లు ఏమేం మోసుకొస్తాయో చూపించడానికి ఇంతకన్నా మంచి పూట దొరకదు.

"జర తగ్గినంక దిగుదాం మేడం" అన్నాడు మొగులయ్య.

"తగ్గితే ఇగ చూసెటానికి ఏముంటది సార్? ఒడ్డుపొంటి పోదాం, ఏం కాదు. రాండ్రి."

అందరికన్నా ముందు ఆమె నడిచింది. ఆమె అడుగులను అందుకోవాలని వెనకవాళ్లు తొందరపడ్డారు. పాకుడు పట్టిన బండ మీద మొగులయ్య కాలు జారింది. అంత మనిషి పక్కకు ఒరిగి కాలు మడతపడి కూలబడ్డాడు. నలుగురు కలిసి లేపి ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. మడమ దగ్గర ఎముక చిట్లింది. పట్టీ వేశారు.

సాయంత్రానికి మండల విద్యాధికారి ఎంఈఓ ఫోన్ చేశాడు. "వాగు బంద్ మేడం. చెప్పేదేదో గదిల చెప్పుండ్రి. ఇంకెవరికన్న ఏమన్న అయితే నా మెడకు చుట్టుకుంటది."

ఇంట్లో ప్రేమలత హాల్లోంచి వంటగదికి, వంటగదిలోంచి హాల్లోకి తిరుగుతోంది. "వానకు బండలు జారుతయి. ఎవరైనా పడ్తరు. రోడ్డు మీద పడ్తలేరా?" అంటోంది.

గోవర్ధన్ బూట్లు విప్పుతూ, "నువ్వు ఉరికినవు, ఆయన పడ్డడు" అన్నాడు.

ఆమె నిలబడిపోయింది. అతని మీద అరవాలనుకుంది. కాసేపటికి స్కూటీ తాళాలు తీసుకుని బయల్దేరింది.

మొగులయ్య ఇల్లు మైలార్‌దేవ్‌పల్లిలో, ఇరుకు గల్లీలో. తలుపు తీసిన అతని భార్య శివమ్మ పలకరించలేదు. చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. మొగులయ్య కాలు దిండు మీద పెట్టుకుని పడుకున్నాడు.

"నా తొందరతోనే అయింది సార్. మాఫ్ చేయుండ్రి."

"తొందర నీది. బరువు నాది" అన్నాడు నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి, "ఎంఈఓ బంద్ పెట్టిండంట గదా. నేను మాట్లాడ్త. ఇన్నేండ్లు గదిల నిలబడి కాంతి గురించి చెప్పిన. నిన్న గా నీళ్లల్ల నా సొంత కాళ్లు వంకరగ కనవడ్తుంటే ఎంతసేపు చూసిన్నో తెలుసా? గది నువ్వు చూడలే. నీకేడ తీరిక?"

లోపల గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడైంది. "కాలు ఇరిగినా బుద్ధి రాలే" అన్న శివమ్మ గొంతు వినపడింది.

నాలుగోరోజంతా హాల్లోనే గడిచింది. ప్రేమలత చార్టులు వేయించింది గానీ, మనసంతా కిటికీ బయటే. సాయంత్రం ఎంఈఓ మళ్లీ ఫోన్ చేశాడు. మొగులయ్య ఏం చెప్పాడో ఏమో, షరతు మీద ఒప్పుకున్నాడు. వాన లేకపోతేనే దిగాలి, పిక్కల లోతు దాటకూడదు, ఒడ్డుకు తాడు కట్టాలి, ఆ తాడు పట్టుకుని ప్రేమలత ఒక్కచోటే నిలబడాలి.

"ఒక్క అడుగు కూడ కదలద్దు మేడం. మాటియ్యుండ్రి."

మాట ఇచ్చింది.

ఐదోరోజు ఆకాశం తెరిపిచ్చింది. వాగు మళ్లీ సన్నబడింది. మొగులయ్య ఆటోలో వచ్చాడు. ఒడ్డున ఎత్తు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి, పట్టీ కాలు ఇంకో కుర్చీ మీద పెట్టారు. ఆయన దిగలేడు కాబట్టి దొరికినవన్నీ టబ్బుల్లో ఆయన దగ్గరికే తేవాల్సి వచ్చింది.

"సార్, గిదేంది?" అంది రేఖ.

"నాకేం తెలుసు? నేను ఫిజిక్స్. కాళ్లు ఎన్నున్నయి?"

లెక్కపెట్టారు. ఒకరు ఆరన్నారు, ఒకరు ఎనిమిదన్నారు. మళ్లీ లెక్కపెట్టారు.

"ఏడ దొరికింది? కల్వర్టు మీది దిక్కా, కింది దిక్కా?"

చూసుకోలేదన్నారు. "పోయి చూసి రాండ్రి" అన్నాడు.

ప్రేమలత తాడు పట్టుకుని నిలబడింది. ఆ పురుగు పేరు ఆమె నాలుక మీద ఉంది. ఎవరో దాన్ని తప్పు పేరుతో పిలిచారు. ఆమె అరిపాదాలు దురదపెట్టినట్టు అయింది. చెంప లోపలివైపు కొరుక్కుంది. రేఖ ఫోన్లో బొమ్మలు వెతికి, "కాదు కాదు, దీని తోక జూడుండ్రి" అని వాదనకు దిగింది. ముగ్గురు టబ్బు మీద తలలు పెట్టి కొట్లాడుకుంటున్నారు. ప్రేమలత వైపు ఎవరూ చూడలేదు.

కాసేపటికి టబ్బులు రెండు వరసలయ్యాయి. కల్వర్టుకు పైన పట్టినవాటిలో తూనీగ పిల్లలు, నత్తలు, నీటితేళ్లు, రకరకాలు. కింద, కోడిమాంసం దుకాణాల చెత్త గుమ్మరించే చోట పట్టినవాటిలో ఎర్రటి సన్న పురుగులు తప్ప ఇంకేమీ లేదు. ఎవరో చెబితే రాసుకున్నది కాదది. వాళ్లే పట్టి, వాళ్లే టబ్బుల్లో పోసి, వాళ్లే చూశారు.

"గీ నీళ్లే కదా అటు హిమాయత్‌సాగర్ చెరువుకు పోయేటియి" అంది రేఖ.

"చెరువు నుంచి మూసీకి, కృష్ణకు. గట్లనే సముద్రానికి" అన్నారెవరో.

"అంత దూరం పోయేసరికి ఏం మిగుల్తది లే" అన్నాడు ఇంకొకాయన.

"మిగుల్తదో లేదో ఎట్ల తెలుసుకుంటం?" అన్నాడు మొగులయ్య, కుర్చీలోంచి.

ఆ ఒక్క మాట మీద అన్నాలు చల్లారేదాకా మాట్లాడుకున్నారు. ఆ ఐదు రోజుల్లో అన్నిటికన్నా మంచి గంట తన చేయి పడకుండానే గడిచిందని ప్రేమలతకు అర్థమైంది. సంతోషమే. కానీ దాంతోపాటు ఎక్కడో కలుక్కుమంది కూడా. తాడు పట్టీపట్టీ అరచేయి ఎర్రబడింది.

శిక్షణకు వచ్చినవాళ్లలో సగం మంది ఆ తర్వాత ఒక్కసారి కూడా పిల్లలను నీళ్ల దగ్గరికి తీసుకుపోలేదు. సిలబస్ కాలేదన్నారు, తల్లిదండ్రులు ఒప్పుకోవట్లేదన్నారు. కల్వర్టు కింద చెత్త ఇంకా పడుతూనే ఉంది. అయితే సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక జీపు నిండా టీచర్లు హంసలదీవికి పోయారు. కట్టె పట్టుకుని నడుస్తున్న మొగులయ్య కూడా ఎక్కాడు. శివమ్మనూ వెంటబెట్టుకొచ్చాడు. ఆయన ఇసుకలో కూలబడి పక్కనున్నవాళ్లను ప్రశ్నలడుగుతుంటే సత్యవతి దూరం నుంచి చూసి, "ఆయన్ని ఇక్కడే వదిలేసి వెళ్లండి ప్రేమలతగారూ" అంది. ప్రేమలత అప్పటికే చెప్పులు చేతబట్టుకుని నీటి అంచున చాలా దూరం నడిచిపోతోంది. ఆ మాట ఆమెకు వినపడలేదు.

మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం రేఖ నుంచి ఫొటో వచ్చింది. రేఖ తన ఎనిమిదో తరగతి పిల్లలను కుంట దగ్గరికి తీసుకుపోయింది. ఫొటోలో, ఒక అరచేతిలో, ఆకుముక్కలు అతికించుకున్న చిన్న గూడులాంటిది. 'ఇదేందో మాకెవ్వరికీ తెలుస్తలేదు' అని కింద రాసింది.

ప్రేమలత వెంటనే పేరు రాసి పంపేసింది. అది గూట్లో ఎందుకుంటుందో, ఆకులను దేనితో అతికించుకుంటుందో కూడా రాసింది.

జవాబు వచ్చింది: 'అయ్యో మేడం, పిల్లలు ఇంకా చూస్తనే ఉన్నరు. జర ఆగాల్సింది.'

ప్రేమలత ఫోన్ బోర్లా పెట్టింది. మళ్లీ తీసి, 'వాళ్లకు చెప్పకు' అని పంపింది. స్టాఫ్ రూములో కూర్చోబుద్ధి కాలేదు. ఆఖరి పీరియడు అయిపోగానే స్కూటీ తీసింది. వచ్చే వారం మైలార్‌దేవ్‌పల్లి టీచర్లకు శిక్షణ. అక్కడంతా సిమెంటే, ఎక్కడా నేల కనపడదు. అక్కడ పడ్డ వాన ఎటు పోతుందో ఒకసారి పోయి చూసి రావాలి.